రిలీవర్ రాకముందే

కాశీనాథ్ కాజీపల్లి మందుల కంపెనీలో బాయిలర్ ఆపరేటర్. తర్వాతి షిఫ్టు మనిషి, అంటే రిలీవర్, వచ్చి నిలబడేదాకా బాయిలర్ వదిలి ఏనాడూ కదల్లేదు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి తిట్టకుండా వదిలిందీ లేదు.

కంపెనీ బస్సులో ముందు సీటు ఆయనది. ల్యాబ్‌లో పనిచేసే స్నేహలత తెచ్చిన మాయాలోకపు నవలను పొద్దున్నే అక్కడ కూర్చుని బస్సంతటికీ వినిపించేవాడు. మొదటి భాగం చివర విక్రాంతుడనే వీరుడు కోట గుమ్మం దగ్గర ఒంటరిగా కాపలా నిలబడ్డాడు.

రెండో భాగం తెరిచిన కాశీనాథ్ నిర్ఘాంతపోయాడు. విక్రాంతుడి జాడే లేదు. శత్రురాజు చెల్లెలు కథ నడుపుతోంది!

"ఏందిది? గుమ్మం ఇడిసిపెట్టి ఎట్ల పోయిండు? రిలీవర్ రాకముందే!"

"ఆమెనే రిలీవర్ అనుకో, కాకా," అంది స్నేహలత.

"గా దుష్మన్ పిల్లనా? ఆమె కథ నేను సదువ!"

పుస్తకం స్నేహలత ఒడిలో పడేశాడు. రిటైరయ్యేదాకా మళ్లీ ముట్టుకోలేదు.

రిటైరైన మరుసటి సోమవారం అలవాటుకొద్దీ రోజూ బస్సెక్కే కర్దనూర్ స్టాపుకు వెళ్లాడు. బస్సొచ్చి ఆగింది. ముందు సీట్లో స్నేహలత కూర్చుని ఆ రెండో భాగమే పైకి చదువుతోంది. బస్సంతా నోరు తెరుచుకుని వింటోంది. ఒక్కరైనా ఆయన వైపు చూడలేదు. బస్సు కదలగానే కాశీనాథ్ కిటికీ పక్కనే పరిగెత్తుతూ అరిచాడు.

"బిడ్డా, జెర గట్టిగ సదువు!"