ఖైమా గుడ్డ చొక్కా

ఎడారి దేశంలో ఖర్జూరం చెట్లెక్కే వాడికి ముల్లు గుచ్చుకోవడం పెద్ద వార్తేమీ కాదు. కానీ కుక్కుటేశ్వరరావుకి ఒక్క జనవరిలోనే రెండుసార్లు చంక దగ్గర ముల్లు దిగి, చీము పట్టి, చెయ్యి అరటిబోదెలా వాచింది. రెండోసారి ఆస్పత్రి నుంచి రాగానే ఫోర్‌మన్ నూర్ మహమ్మద్ తేల్చేశాడు.

"కుక్కు భాయ్, తీస్రీ బార్ కాంటా లగా తో పేడ్ ఖలాస్. సబ్హాన్ జావ్, మిట్టీ భరో."

ఇంకొక్క ముల్లు దిగితే చెట్లు బంద్. సబ్హాన్ అనే ఊళ్ళో కంపెనీ గోడౌన్‌లో గొంతుక్కూర్చుని మొక్కల సంచుల్లో మట్టి నింపుకోవాలి. పదమూడో ఏట నుంచి కోనసీమలో కొబ్బరి దింపు తీసిన మనిషి, నలభై ఆరేళ్ళు వచ్చాక నేలమీద మట్టి పిసకడమా? ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆయనకి అన్నం సయించడం లేదు. శనివారం నుంచి చెట్లకి పుప్పొడి కట్టే పని మొదలు. చేతిలో ఉన్నది శుక్రవారం ఒక్కటే.

కంపెనీ ఇచ్చే చొక్కా దోమతెరకి సొంత తమ్ముడు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, నాన్న దింపుకెళ్ళేటప్పుడు వేసుకునే తెరచాప చొక్కా. పాత పడవ చాప గుడ్డతో అమ్మ కుట్టేది. మట్టలకి తగులుకుంటాయని గుండీలు ఉండేవి కావు, తలమీంచి తొడుక్కోవడమే. గుండెల దగ్గర రెండు పొరలు. చంకల్లో మాత్రం ఎప్పుడు చూసినా రెండు మాసికలు. అలాంటిదే ఒకటి కుట్టుకోవాలని తీర్మానించి, 'మనది గట్టి గుడ్డ, మాసికలతో పనేముంది' అనుకున్నాడు కుక్కుటేశ్వరరావు. ఆ అనుకోవడమే కొంప ముంచింది.

గుడ్డ ఎక్కడిదంటే, ఓ విల్లా ఆసామి చిరిగిపోయిందని పారేసిన ఖైమాది. ఎడారిలో చలికాలం వేసుకునే డేరా. పైన తెలుపు, లోపల ఎర్రటి నల్లటి డిజైన్లు. మిషన్ సూది విరిగిపోతుందని టైలర్ మునాఫ్ దాన్ని కొట్టు గుమ్మం కూడా ఎక్కనివ్వలేదు. దాంతో ఓ దబ్బనం, నైలాన్ దారపు ఉండ కొనుక్కుని ఫహాహీల్‌లో తన రూముకొచ్చి పడ్డాడు.

పై మంచం సత్యప్రసాద్‌ది. ఏసీ మెకానిక్, రావులపాలెం వాడు. నోటికి స్విచ్ లేదు.

"బాబాయ్, పందిరి గుడ్డ దిగిపోయింది. బోజనాలెప్పుడండీ?"

"నీ దినానికి రా. ముందా సుద్దముక్క పట్టుకో."

కొలత టేపు లేదు. గుడ్డ రెండు మడతలేసి మంచాల మధ్య పరిచి, దానిమీద కుక్కుటేశ్వరరావు వెల్లకిలా పడుకున్నాడు. ఆ సందు సరిగ్గా ఆయన వొంటి వెడల్పే ఉంది.

"చేతులు చాపు బాబాయ్."

"ఎక్కడికి చాపను? మంచం కోళ్ళలోకా?"

చేసేది లేక చేతులు పక్కలకి అంటించుకున్నాడు. సత్యప్రసాద్ చుట్టూ గీత గీస్తూ, "పోలీసోళ్ళు శవానికి గీసినట్టే వచ్చింది బాబాయ్, ఆయ్, కొంచెం ఊపిరి బిగబట్టెయ్" అన్నాడు.

కత్తిరించి, మధ్యాహ్నం దాకా దబ్బనంతో కుట్టాడు. బొటనవేలికి నాలుగు కంతలు పడ్డాయి. ఆఖరికి తొడుక్కుని నిలబడితే చొక్కా దర్జాగానే ఉంది. చెయ్యెత్తాడు. చెయ్యి లేవలేదు. బలవంతంగా ఎత్తితే చొక్కా మొత్తం లేచి, బొడ్డు బయటపడి, మెడపట్టీ వచ్చి గడ్డానికి గుద్దుకుంది.

"దిష్టిబొమ్మకైనా చేతులు లేస్తాయి బాబాయ్. మట్టి నింపుకోడానికైతే ఇది సరిగ్గా సరిపోద్ది."

ఆ మాట సూటిగా గుండెల్లో దిగింది. కుక్కుటేశ్వరరావు కోపంతో కత్తెర తీసుకుని రెండు చంకలూ చీరేశాడు. ఇప్పుడు చేతులు హాయిగా లేచాయి. కానీ ముల్లు దిగే చోటు సరిగ్గా అక్కడే, వాకిలి తీసిన ఇల్లులా తెరుచుకుంది. చొక్కా గోడకేసి కొట్టాడు. ఇక విధిలేక పెళ్ళాం సూర్యావతికి వీడియో కాల్ చేశాడు.

"చంకలో నలుచదరం ముక్కేదయ్యా?" చూడగానే అడిగింది సూర్యావతి.

"ఏం ముక్క?"

"మీ నాన్న చొక్కాకుండేది కాదా, జానెడు ముక్క?"

"అది చిరిగితే అమ్మేసిన మాసిక కదే!"

సూర్యావతి నెత్తి కొట్టుకుంది.

"రెండు చంకలూ ఒకేలాగ, ఒకే కొలతకి చిరుగుతాయేంటయ్యా? ఆ ముక్క ఏస్తేనే చెయ్యి లేస్తాది. అత్త ముందు ఆ ముక్కేసి, తర్వాత చేతులు అతికేది. కళ్ళెదురుగా ఇన్నేళ్ళు చూసి మాసికనుకున్నావా? నా కర్మ!"

ముక్కల కోసం వెతికితే ఖైమా పీలికల్లో ఒక్కటే దొరికింది. మిగతావన్నీ చెత్తనుకుని సత్యప్రసాద్ బయట డబ్బాలో పడేశాడు, మున్సిపాలిటీ వాళ్ళ బలదియా బండి వచ్చి ఊడ్చుకుపోయింది. పడేసిన పెద్దమనిషి హవల్లీలో స్నేహితుడి దగ్గరికి షికారెళ్ళాడు. కుక్కుటేశ్వరరావు కుడి చంకకి ఖైమా ముక్క వేశాడు. ఎడమ చంక చూసి నిట్టూర్చాడు. తర్వాత తీగ మీద ఆరుతున్న సత్యప్రసాద్ దళసరి నీలం జీన్సు వైపు చూశాడు. అటూ ఇటూ ఎవరూ లేరు.

శనివారం పొద్దున్న మొదటి చెట్టు. నూర్ మహమ్మద్ కింద నిలబడి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. కుక్కుటేశ్వరరావు నడుం తాడుకి జారబడి, రెండు చేతులూ తలమీదికెత్తి, ఆడపూత గెల విడదీసి, మధ్యలో మగపూత రెబ్బ పెట్టి కట్టాడు. చొక్కా వొంటిమీంచి కదల్లేదు.

దిగగానే నూర్ మహమ్మద్ ఆయన చొక్కా పైకెత్తి చంకలు, జబ్బలు తడిమి చూశాడు. గుడ్డలో పదకొండు ముళ్ళు విరిగున్నాయి. వొంటిమీద ఒక్క గీతైనా లేదు.

"యల్లా, అగ్లా పేడ్" అన్నాడు, తర్వాతి చెట్టు వైపు చెయ్యి చూపించి. సబ్హాన్ గోడౌన్ పేరు ఎత్తలేదు. చేతులెత్తించి ఒక ఫోటో కూడా తీసి ఆయన ఫోనుకి పంపాడు.

ఆ ఫోటో ఆయన రూము గ్రూపులో పెట్టిన రెండు నిమిషాలకి సత్యప్రసాద్ ఫోను.

"బాబాయ్, ఆ ఎడం చంకలో నీలంది ఏంటది?"

"మాసిక్రా."

"పొద్దున్నే సీకట్లో ఆ జీన్సే తొడుక్కుని వేనెక్కేశాను బాబాయ్! ఇప్పుడు ఓ అరబ్బు మేడం ఇంట్లో ఏసీ కోసం నిచ్చెన మీదున్నాను. ఇంటిల్లిపాదీ నా పిక్క చూసి నవ్వుతున్నారు!"

"రెండో కాలు కూడా పిక్క మీదికి మడిచేయ్, సమానమైపోద్ది" అని ఫోను పెట్టేసి, కుక్కుటేశ్వరరావు రెండో చెట్టుకి తాడు చుట్టాడు.