షబానా చేసిన గాలియం ఆర్సెనైడ్, మా కాలేజీ వాళ్ళ కన్నీళ్ళు

నిన్న మధ్యాహ్నం షబానా తమ్ముడు ఫోన్ చేశాడు.

"పద్మక్కా, షబానక్క లేదు."

"లేకుంటే యాడికి పోయింది?" అన్నాను. అర్థం కావడానికి అంతసేపు పట్టింది.

డెంగ్యూ. ఐదు రోజులు. అంతే.

ఈ పొద్దున వనపర్తిలో ఒకప్పుడు షబానా నాతో పనిచేసిన మా కాలేజీ వాట్సాప్ గ్రూప్ తెరిచాను. అన్నీ పూలే.

"గ్రేట్ సైంటిస్ట్‌ను కోల్పోయాం" అట. కరస్పాండెంట్ గారు.

కింద జువాలజీ మేడమ్: "ఆ కెమికల్సే పానం తీసినయంట, పాపం."

దోమ, మేడమ్. దోమ కుట్టి పోయింది. మీరు చెప్పే సబ్జెక్టే.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. షబానాది గద్వాలలో మా మగ్గాల వీధికి పక్క వీధి. పీహెచ్‌డీలో తను చేసింది గాలియం ఆర్సెనైడ్.

గాలి తీసేసిన క్వార్ట్జ్ గొట్టంలో ఒక చివర గాలియం, ఇంకో చివర ఆర్సెనిక్ పెట్టి మూసేస్తారు. ఫర్నేస్ వేడికి ఆర్సెనిక్ ఆవిరై, కరిగిన గాలియంలో కలుస్తుంది. మెల్లగా చల్లారిస్తే ముదురు బూడిద రంగు స్ఫటికం. తొందరపడితే గొట్టం పగులుతుంది. తనకు ఎన్ని పగిలాయో! మంచి స్ఫటికం వచ్చిన రోజు ఫోన్‌లో ఏడ్చింది.

అందులో ఒక చిన్న ముక్కను గాజులో సీల్ చేసి, మా కాలేజీలో చేరాక ఒకరోజు క్లాసుకు తెచ్చింది. టీవీ రిమోట్ నొక్కుతూ ఫోన్ కెమెరాలో చూడమంది. కంటికి కనబడని వెలుగు స్క్రీన్ మీద ఊదాగా మెరిసింది.

"గా రిమోట్ బల్బుల ఉండేది గీ జాతి పదార్థమే. కరెంటిస్తే వెలుగిస్తది" అంది. పిల్లలు బెల్ కొట్టినా కదల్లేదు.

మర్నాడు కరస్పాండెంట్ గారు స్టాఫ్‌రూమ్‌కే వచ్చారు.

"ఆర్సెనిక్ అంటే పాషాణం గదమ్మా! పిల్లలున్న కాడికి పాషాణం తెస్తవా?"

"ఉప్పుల క్లోరిన్ లేదా సార్? విడిగ ఉంటే అది గూడ విషమే. రోజు తింటలేమా? దీన్ని పొడి చేసి పీలిస్తే ప్రమాదమే. అందుకే గాజుల సీల్ చేసి పెట్టిన."

"నాకు కెమిస్ట్రీ చెప్పకు. రేపటి నుంచి రాకు."

కెమిస్ట్రీ లెక్చరర్‌తో అన్న మాట ఇది! జువాలజీ మేడమ్ అప్పటికే తన టిఫిన్ బాక్స్ తీసి దూరం పెట్టుకుంది. పండగ వస్తే షబానా ఇంటి ఖుర్బానీ కా మీఠా అనే తీపిని అడిగి మరీ తిన్న మనిషి.

షబానా పెద్దమందడిలో ఒక చిన్న స్కూల్లో చేరింది. ఆరో తరగతికి సైన్స్. మీ సంతాపం గ్రూప్‌లో ఒక్కరైనా ఈ నాలుగేళ్ళలో తనకు ఫోన్ చేశారా?

సిగ్గు లేని వాళ్ళ లిస్టులో నేనూ ఉన్నాను. ఆ రోజు స్టాఫ్‌రూమ్‌లో తెలుగు పేపర్లు దిద్దుతూ తల దించుకునే ఉన్నాను. నా ఉద్యోగం నాకు ముఖ్యం.

తను ఒక్కసారే అడిగింది.

"ఆ దినం నువ్వైనా ఒక మాట అనకపోతివేందే?"

పేపర్లు దిద్దాలని చెప్పి ఫోన్ పెట్టేశాను. తను మళ్ళీ అడగలేదు.

ఇప్పుడే గ్రూప్‌లో ఇదంతా పేర్లతో సహా పెట్టాను. కరస్పాండెంట్ గారు చదివారు. రేపు నన్ను కూడా రావద్దంటారేమో. అననీ.

నీ మాటకు నా జవాబు ఇదే షబానా. చాలా ఆలస్యమైంది. అల్లా నీకు చల్లటి నీడ ఇవ్వాలి. ప్రశాంతంగా నిద్రపోవే.