ఆఖరి వరస శామ్యూల్ రాజ్

మా శామ్యూల్ రాజ్ మావయ్యకు ఒకటే జబ్బు. ఏ సభకు వెళ్ళినా ఆఖరి వరసలో కూర్చుని "వెనక్కి వినపడట్లేదండీ!" అని అరుస్తాడు.

నిజానికి ఆయనవి పాము చెవులు. ప్రభావతత్తయ్య వంటింట్లో జంతికల డబ్బా మూత తీస్తే చాలు, వీధి చివరి నుంచి వెనక్కి తిరిగొస్తాడు.

ఆయన గుమ్మంలో కనపడగానే బందరు పాస్టర్లు మైకును నోటి దగ్గరికి లాక్కుంటారు. సొంత పెళ్ళిలోనూ వదల్లేదు. అత్తయ్య తలొంచుకుని "అంగీకరిస్తున్నాను" అంటే, పక్కనే నిలబడ్డ పెళ్ళికొడుకు "వెనక్కి వినపడట్లేదండీ!" అన్నాడు. అత్తయ్యకు ఒళ్ళు మండి, రెండోసారి పెడన దాకా వినపడేలా అంగీకరించింది.

అలాంటి మనిషి మా బ్యాండు తొలి కచేరీకి వస్తానన్నాడు. మా బ్యాండు పేరు 'ఆటుపోటు'. నేను గిటారు, వరుణ్ డ్రమ్ములు, పాడేది ప్రేమ. పాటలు మేం రాసుకున్నవే, వెనక ఏ కంపెనీ లేదు. బందరులో మొదలుపెట్టి గుడివాడ, చల్లపల్లి, అవనిగడ్డ తిరగాలని ప్లాను. ప్రేమ మాత్రం ముందే చెప్పేసింది.

"జాన్సన్, ఇవాళ నా పాట జనానికి చేరకపోతే గుడివాడకు నేను రాను. వేరే అమ్మాయిని చూసుకోండి."

నేను మావయ్య దగ్గరికి పరిగెత్తాను. "ఈ ఒక్కరోజూ అరవకు మావయ్యా, నీకు దణ్ణం పెడతా."

"నేనెప్పుడు అరిచానురా?" అన్నాడు నొచ్చుకుని.

హాలు నిండింది. మొదటి పాట సగంలో ఉండగా డ్రమ్ముల్ని మించి లేచిందా గొంతు. "వెనక్కి వినపడట్లేదండీ!"

జనం నవ్వారు. పరువు పోయిందని నేను గిటారు సౌండు పెంచాను. మళ్ళీ అదే కేక. వరుణ్‌కు రోషం వచ్చి డ్రమ్ములు చితక్కొట్టాడు. ఈసారి మావయ్య కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"ఒరే జాన్సనూ, నువ్వు పామర్రు దాకా వినపడుతున్నావు! వినపడనిది అమ్మాయి! మీరు తగ్గండ్రా!"

సిగ్గుపడి తగ్గాం. అప్పుడు వినిపించింది ప్రేమ గొంతు. ఫోన్లలో మునిగినవాళ్ళు కూడా తలెత్తారు. పాట అయ్యాక మా బందరు జనం మా బందరు పాటకు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంత గర్వం నాకు జన్మలో కలగలేదు.

సామాను సర్దుతూ అడిగాను. "నీకు నిజంగా వినపడలేదా మావయ్యా?"

"నాకెందుకు వినపడదురా? ఆ పిల్ల రెండుసార్లు మీ వంక చూసింది. సౌండు తగ్గించమని అడగలేక ఊరుకుంది. మరి ఎవరో ఒకరు అడగొద్దూ?"

అత్తయ్య నవ్వింది. "మా పెళ్ళిలో మా నాయనమ్మ ఆఖరి వరసలో చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చుందిరా. పాపం, ఆవిడా అడగలేదు."

మర్నాడు గుడివాడలో ప్రేమ మైకు ముందుకొచ్చి, ఆఖరి వరసను వెతికి మరీ పలకరించింది.

"మావయ్యగారూ, వినపడుతోందాండీ?"

మావయ్య ఠీవిగా లేచి నిలబడ్డాడు. "ఇంకా పాడందే ఎలా చెప్పనమ్మా? కానియ్, నేనున్నాగా!"