సిగార్ పొగ, గుండు మొక్కు

బంగారుపాళ్యంలో బేరం కుదిరిన సంతోషంలో, మామిడి మండీ నడిపే సుబ్బన్న నాకొక విదేశీ సిగార్ ఇచ్చాడు. కాఫీకి కొత్త తోలు వాసన కలిసినట్టు కమ్మటి రుచి. మా కిరాణా అంగట్లో చక్కెర పలుకు కూడా నేల పడనివ్వని ఇంట్లో పెరిగినవాణ్ణి. అంత ఖరీదైన పొగను గాలికి వదలడానికి మనసొప్పక, ప్రతి దమ్మూ లోపలికే పీల్చాను.

సగం కాలేసరికి గుండె దడదడలాడింది. చేతులు చల్లబడి, కళ్లు బైర్లు కమ్మాయి.

"పోతా ఉండానన్నా, ఇంటికి ఫోన్ చెయ్యి" అన్నాను.

"పొగంతా మింగినావా? నోట్లో తిప్పి వదిలేయాలబ్బా" అంటూ సుబ్బన్న నీళ్లకు పరిగెత్తాడు.

ఆ ప్రాణభయంలో ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. నిలువుదోపిడీ అనబోయి, మెడలో గొలుసు గుర్తొచ్చి గుండుతో సరిపెట్టాను.

స్వామి ఆ బేరానికి ఒప్పుకున్నాడు. జుట్టు మళ్లీ పెరిగింది గానీ, సిగార్ వాసన తగిలితే ఇప్పటికీ చెయ్యి గుండె మీదికి పోతుంది.