ముప్పై ఆరో అంతస్తు పలకరింపు

లాయ్‌క్వెన్ రోజూ పొద్దున్నే రెండు బన్నులు ఆవిరి మీద ఉడికించి, ముప్పై ఆరో అంతస్తు కిటికీ తెరిచి, దూరంగా మెరిసే హాంకాంగ్ సముద్రాన్ని "తిన్నావా?" అని అడుగుతుంది. మొగుడి బూడిద కలిపింది ఆ నీళ్లలోనే. కాసేపు చూసి, ఆయన వంతు బన్ను కూడా తనే తింటుంది. మోకాళ్లు మొరాయించినా, దగ్గు పట్టుకున్నా ఆ పలకరింపు మాత్రం మానదు.

ఆవేళ పొగమంచు కిటికీని కమ్మేసింది. సముద్రం లేదు, ఎదుటి మేడలూ లేవు. అయినా అడిగింది. "ఇంకా లేదు!" అంది మంచు, మగగొంతుతో. ఆమె గుండె గుభేలుమంది. పళ్లెం పట్టుకునే ఒక అడుగు వెనక్కి వేసింది. అంతలో తెల్లదనంలోంచి ఒక వెదురు బొంగు, దాన్ని పట్టుకున్న చెయ్యి, చెమట పట్టిన ఓ నడివయసు ముఖం బయటపడ్డాయి. గోడల మరమ్మతుకు కడుతున్న పరంజా ఆమె కిటికీ దాకా వచ్చేసింది.

"హడలిపోయావా పెద్దమ్మా? తిన్నావా అన్నావుగా, లేదన్నాను."

"నిన్నెవరడిగారురా, చచ్చినోడా!"

"మరెవర్ని? ఇక్కడ నేను తప్ప మనిషెవరున్నారు?"

ఆమె కనపడని నీళ్లవైపు చూసింది. పళ్లెంలోంచి ఆయన వంతు బన్ను తీసి కిటికీ బయటికి చాపింది.

"పట్టు. వేడిగా ఉండగానే తిను. చల్లారితే ఆయన తినడు."