వేరు చూడందే నమ్మని భద్రు

మొక్కల పని చేయించే ఆఫీసరు జగదీష్ సారు నేరేడు మొక్క నాటి, ఫొటో దిగి, చేతులు కడుక్కోవడానికి చెంబు అందుకునేలోపే భద్రు చేతులు ఆ మొక్క మొదలును పట్టుకున్నాయి. ఒక్క గుంజు గుంజాడు. మొక్క మట్టిముద్దతో సహా పైకి వచ్చింది. దాన్ని కంటి ఎత్తుకు లేపి, అడుగున వేళ్లతో తడిమి, వాసన చూసి, "ఆఁ, ఉన్నది" అన్నాడు.

"ఏం ఉంది?" అన్నాడు సారు, చెంబు చేతిలో అలాగే పట్టుకుని.

"వేరు."

"వేరు లేకుండా మొక్క ఉంటుందా పెద్దాయనా?"

"ఉంటదనే అందరం అనుకుంటం సార్. కింద ఏమున్నదో ఎవడు సూసిండు?"

అని, మొక్కను మళ్లీ గుంటలో నిలిపి, మట్టి పోసి, మడమతో చుట్టూ తొక్కి, తన దారిన తాను వెళ్లిపోయాడు. సారు నాటినదానికంటే ఇప్పుడే అది నిటారుగా నిలబడింది. ఆ సంగతి కూలీల పని చూసుకునే మేట్ ప్రమీల ఒక్కతే గమనించింది. గమనించినా, సారు ముందు పరువు పోయిందన్న మంటలో ఆ మాట పట్టించుకోలేదు.

భద్రు గురించి చెప్పాలంటే ఇంతే. పైకి కనిపించేది ఏదీ ఆయన నమ్మడు. దేన్నయినా ఎత్తాలి, తిప్పాలి, పీకాలి, కింద ఏముందో చూడాలి. చూశాక ఎక్కడిది అక్కడ పెట్టేస్తాడు. చూడకుండా మాత్రం ఆయనకు అన్నం సహించదు.

చింతవాగు ప్రాజెక్టు మీద లష్కర్‌గా పనిచేసి దిగిపోయిన మనిషి. లష్కరంటే తూము తలుపు ఎత్తి కాలువకు నీళ్లు వదిలేవాడు, దించి ఆపేవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తలుపు దించానని ఇంటికి వెళ్లి పడుకుంటే, కింద మద్దిమొద్దు ఒకటి ఇరుక్కుని నీళ్లు ఆగలేదట. కోతకొచ్చిన వరి అంతా మునిగిందట. ఆనాడు పట్టిందే ఈ పిచ్చి అంటారు తండాలో. ఆయన భార్య ద్వాలి మాత్రం ఒప్పుకోదు.

"మొద్దు లేదు, గిద్దు లేదు. లగ్గంలనే నా ముసుగు ఎత్తి సూసిండు. పిల్లను మార్చిన్రేమోనని."

బర్రెను కొందామని ఎర్రుపాలెం వెళ్లినప్పుడు కూడా అంతే. పడుకున్న బర్రెను అదిలించి లేపి, అది పడుకున్న చోటు వంగి చూశాడు.

"పాలెన్ని ఇస్తదని అడగాలె గాని, గిదేందయ్యా?" అన్నాడు బర్రె ఆసామి.

"పాల సంగతి నువ్వు జెప్తవ్. పేడ సంగతి బర్రె జెప్తది" అన్నాడు భద్రు.

ఇలాంటి మనిషిని ఊరు నవ్వుకుంటూ భరించింది. భరించలేని రోజు మొక్కలతో వచ్చింది.

ప్రాజెక్టు చుట్టూ నేల అప్పటికి గుండు కొట్టించుకున్న తలలా ఉండేది. కట్ట పోసేటప్పుడు అడవి అంచు దాకా మొరం తవ్వుకుపోయారు. వాన పడ్డప్పుడల్లా ఆ బోడి దిబ్బల నుంచి ఎర్రమట్టి కొట్టుకొచ్చి నీళ్లలో దిగేది. చేపల వల వేస్తే ముందు బురద పడేది, తర్వాతే చేప. ఇంకొన్నేళ్లు ఇట్లాగే నడిస్తే అది ప్రాజెక్టుగా మిగలదని అందరికీ తెలుసు. చివరికి వాలుకు అడ్డంగా కందకాలు తీసి, గట్ల మీద వట్టివేరు, వాటి వెనక నేరేడు, కానుగ, నల్లమద్ది, వెదురు నాటే పని వచ్చింది. తండా ఆడవాళ్లు, పక్క గూడెం ఆడవాళ్లు కలిసి సంఘం కట్టి పనిలో దిగారు. షరతు ఒక్కటే. ఎండాకాలం దాటి మొక్కలు బతికుంటే ఒడ్డు మీద గడ్డి, పండు, వెదురు సంఘానివి. చస్తే ఒడ్డు బయటి కాంట్రాక్టరుకు పోతుంది.

అందుకే మేట్ ప్రమీల కంటి మీద కునుకు లేకుండా తిరిగేది. నర్సరీ నుంచి వచ్చిన ప్రతి మొక్కా నల్ల కవరులో ఉంటుంది. కవరును కొడవలితో చీల్చి ఒలవాలి, లోపలి మట్టిముద్ద పగలకూడదు. పగిలిందా, వేరు తెగుతుంది. ఒలవకుండా నాటారా, వానాకాలమంతా పచ్చగా నవ్వి, ఎండలు ముదరగానే కవరులోనే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. ఇదంతా ఆమె రోజూ గొంతు చించుకుని చెప్పేది. చెప్పి, నాటించి, ఇంటికి పోగానే భద్రు వచ్చి పీకేవాడు.

"కాకా! పొద్దుగాల మేం నాటుడు, పొద్దుగూకంగ నువ్వు పీకుడు. నువ్వు మనిషివా, అడవిపందివా?"

"అడవిపంది పీకి తింటది బిడ్డా. నేను పీకి పెడుత."

అందరికంటే ఎక్కువగా ఆయన్ని తిట్టింది సైదమ్మ. ఒంటరి ముసలిది. సంఘంలో ఆమె కంటే పెద్దవాళ్లు లేరు, ఆమె కంటే పెద్ద గొంతూ లేదు. ఆమె చాయ పోసినప్పుడల్లా భద్రు గిలాస పైకెత్తి అడుగు చూసేవాడు.

"పొడి ఏడున్నది సైదక్కా? నీళ్లకు రంగేసినవా?"

"నీ మూతికి ఏస్త రంగు, ఆగు! నీ అనుమానం పాడుగాను, నా వరస జోలికి గిట్ల వస్తే నీ చెయ్యి ఉండది."

"వస్త" అనేవాడు భద్రు తాపీగా. వచ్చేవాడు కూడా.

ఇంతలో గూడెం నుంచి నాగక్క ఒక వార్త మోసుకొచ్చింది. కాంట్రాక్టరు మనిషి ఒకడు బండి మీద వచ్చి, కట్ట మీద భద్రుతో చానాసేపు మాట్లాడి పోయాడట.

"ఏం మాట్లాడిన్రు?" అంది ప్రమీల.

"ఏమో. మాట్లాడేటప్పుడు భద్రు మామ బండి సీటు ఎత్తి చూస్తుండు."

సీటు ఎత్తి చూడటం ఆయన అలవాటే. కానీ సీటు కింద ఏముంది? ఏమన్నా ఇచ్చిపోయాడా? మొక్కలు చస్తే లాభం ఎవరికి? ప్రమీల మనసులో పురుగు తొలవడం మొదలైంది. అంతకుముందు రోజు దాకా పిచ్చిలా కనిపించిన పీకుడు ఇప్పుడు పథకంలా కనిపించింది. ఆ సాయంత్రం ఆయన ఎదురుపడి "ఇంటికి పోలేదా బిడ్డా?" అంటే, ఎందుకు అడిగాడా అని దారి పొడుగునా ఆలోచించింది.

మర్నాడు వాన వచ్చేలా ఉందని అందరినీ పెందలాడే పంపించి, తాను మాత్రం తూము గది వెనక నక్కింది. పట్టుకుంటే చేతిలో మొక్కతో సహా పట్టుకోవాలి. సంఘం ముందు నిలబెట్టాలి.

భద్రు వచ్చాడు. నడుముకు కొడవలి. అటూ ఇటూ చూశాడు. మొదటి వరుసలో ఒక మొక్క పీకాడు, అడుగు చూశాడు, పెట్టేశాడు. రెండో వరుస ప్రమీలది. అందులో ఒకటి పీకాడు, పెట్టేశాడు. నాగక్క వరుసలో ఒకటి. పనిలో పెద్ద శ్రద్ధ లేనట్టే ఉంది.

సైదమ్మ వరుస దగ్గరికి రాగానే మాత్రం మోకాళ్ల మీద కూర్చున్నాడు. మొదటి మొక్క తీశాడు. అడుగున నల్లగా మెరిసింది. కవరు! కొడవలి కొసతో దాన్ని నిలువునా చీల్చి, ఉడికిన చామగడ్డ తొక్క తీసినట్టు ఒలిచాడు. ముద్ద చెక్కుచెదరలేదు. గుంటలో పెట్టి, మడమతో తొక్కి, కవరును మడిచి తలపాగాలో దోపాడు. తర్వాతి మొక్క. దానికీ కవరే. ఆ పక్కదానికీ కవరే. వరుస సగమయ్యేసరికి తలపాగా గుమ్మడికాయంత అయింది.

ప్రమీల ఇక ఆగలేక బయటికి వచ్చింది. "కాకా!"

భద్రు ఉలిక్కిపడి తలపాగా రెండు చేతులా పట్టుకున్నాడు.

"పెద్దమ్మ కవరుతోనే నాటుతుందా?"

"మెల్లగ మాట్లాడు."

"రోజూ జెప్తుంటినే! ఒక్కటి కూడా ఒలవలేదేంది?"

"ఆ అక్కకు కండ్లల్ల పొర వచ్చింది బిడ్డా. కొడవలి ఏడ పడుతుందో కానొస్తలేదు. ఒలిస్తే ముద్ద పగులుతుంది. ముద్ద పగలగొట్టినోళ్లు రేపటి సంది పనికి రావొద్దని అన్నదెవలు?"

అన్నది ప్రమీలే. వారం మొదట్లో, అందరి ముందూ, గట్టిగా. ఎవరి ముద్ద పగిలిందో కూడా చూడకుండా అంది.

"గప్పటి సంది కవరు ముట్టుకుంటలేదు" అన్నాడు భద్రు.

"నీకెట్ల తెలిసింది?"

"నాకెట్ల తెల్వది? నేను ఎవలనన్న నమ్ముతనా?"

ప్రమీల వంగి, అప్పుడే పెట్టిన మొక్క చుట్టూ మట్టి అదిమింది. తర్వాత అనుమానం మళ్లీ తల ఎత్తింది. "మరి పెద్దమ్మ వరస ఒక్కటి పీకితే సాలదా? మా వరసలెందుకు పీకుడు?"

"ఒక్క వరసనే పీకితే, దాని కింద ఏమున్నదో అని ఊరంతా అడగదా?"

ప్రమీల "ఆమెకే జెప్తే అయిపోవు గదా" అంది.

"జెప్తే పని మానుతది. మానితే ఇంట్ల కూసుంటది. ఆమె ఇంట్ల కూసుంటే నన్ను ఎవలు తిడ్తరు?"

"అయితే ఆ బండోడు? సీటు కింద ఏం పెట్టిండు?"

"పాత గుడ్డపేలిక" అన్నాడు భద్రు, తర్వాతి మొక్క పీకుతూ. "మొక్కలు బతుకుతయా అని అడిగిండు. నీ బండి నడుస్తదా అని అడిగిన."

మర్నాడు ప్రమీల కొత్త రూలు పెట్టింది. ఇకమీదట ఒకరు కవర్లు ఒలవాలి, ఒకరు నాటాలి, జంటలుగా. సైదమ్మకు నాటే పని పడింది. ఆమె చేతులకు నాటడం కళ్లు లేకుండానే వచ్చు. భద్రు గట్టు మీద నిలబడి, ఏమీ ఎరగనట్టు, "గీ రూలు కింద ఏమున్నదో" అన్నాడు. ప్రమీల నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

నాట్లు అయిపోయాక సైదమ్మను ఖమ్మం కంటి దవాఖానాకు తీసుకుపోయింది ప్రమీల. పిలవకుండానే భద్రు కూడా బస్సెక్కాడు. అక్కడ పరుపు ఎత్తి చూశాడు, దిండు ఎత్తి చూశాడు. ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ దారికి అడ్డం నిలబడ్డాడు.

"తీసిన పొర ఏడ వెట్టిన్రమ్మా? ఒక్కసారి సూపెట్టుండ్రి."

"ఈయన మీ ఆయనా?" అంది డాక్టరమ్మ సైదమ్మతో.

"నా కర్మ!" అంది సైదమ్మ, కంటికి కట్టుతోనే. "నా పాలిటి శని!"

ఎండలు మండి, చల్లారాయి. తొలకరి పడ్డ మర్నాడు జగదీష్ సారు వచ్చాడు. ఒడ్డంతా కాలినడకన తిరిగాడు. కందకాల్లో మట్టి ఆగింది. నీళ్లలోకి దిగే వాగు ఎరుపు తగ్గి పారుతోంది. అక్కడక్కడా ఒకటి అరా పోయినా, వరుసలు వరుసలుగా ఆకు నిలిచింది. తాను నాటిన నేరేడు దగ్గరికి రాగానే సారుకు ఏదో గుర్తొచ్చింది. వంగి, మొదలు పట్టుకుని, గుంజాడు. రాలేదు. రెండు చేతులా గుంజాడు. కదల్లేదు.

"రాదు సార్" అన్నాడు వెనక నుంచి భద్రు. "ఇగ కింద సూసే పనిలేదు."

ఒడ్డు సంఘానిదని సారు అక్కడే, ఆ నేరేడు పక్కనే చెప్పేశాడు. నాగక్క ఈల వేసింది. పోయిన మొక్కల చోట కొత్తవి పెట్టడానికి అందరూ తలా ఒక మొక్క తీసుకున్నారు. భద్రు కూడా ఒక కానుగ నాటాడు. ఇన్నాళ్లూ ఇతరుల మొక్కలు పీకినవాడు సొంతంగా నాటిన మొదటి మొక్క అది.

సైదమ్మ కొత్త కళ్లద్దాలు సర్దుకుని, ఒక్కొక్క మొక్కనూ చూసుకుంటూ వచ్చింది. కానుగ దగ్గర ఆగింది. భద్రు ముఖం వంక చూసింది. మొక్క మొదలు పట్టి పీకింది.

అడుగున నల్ల కవరు. చిరుగైనా లేదు.

"ఓ లష్కరూ!" సైదమ్మ గొంతు అవతలి ఒడ్డుకు వినిపించింది. "ఊరందరి వేర్లు సూసినోనివి, నీ మొక్క అంగీ విప్పుడు మర్చినవా? నా కండ్లొచ్చినయ్, నీయి పోయినయా?"

కట్టంతా పగలబడి నవ్వింది. ద్వాలి కొంగు నోట్లో కుక్కుకుంది. భద్రు తల గోక్కున్నాడు. "ముసలోన్నయిన సైదక్కా. కానరాలే."

ప్రమీల ఒక్కతే నవ్వలేదు. భద్రు కవరు మరిచిపోవడమా? మెల్లగా దగ్గరికి జరిగి, చెవిలో, "కాకా, కావాలనే ఉంచినవు గదా?" అంది.

"నీకు అనుమానం ఎక్కువైంది బిడ్డా" అన్నాడు భద్రు. "గది మంచిది గాదు."

నడుము నుంచి కొడవలి తీసి సైదమ్మకు చాచాడు. "ఇగ నువ్వే సూస్కో అక్కా. నాతోని అయితలేదు."

సైదమ్మ కొడవలి అందుకుంది. తిప్పి, పిడి అడుగు చూసింది. తర్వాత కవరును నిలువునా చీల్చి ఒలిచి, ముద్ద పగలకుండా గుంటలో నిలిపి, మడమతో చుట్టూ తొక్కి, పక్క వరుసకు నడిచింది.