రికార్డు పిన్ని దిద్దుబాట్లు

ముప్ఫై ఒక్క ఏళ్ళ పాటు ఇతరులు మాట్లాడింది రాయడమే ఆమె ఉద్యోగం. శాసనసభలో షార్ట్‌హ్యాండ్ రిపోర్టరు. సభ మధ్యలో బల్ల దగ్గర పది నిమిషాలు కూర్చుని వినబడిందల్లా గీతలూ చుక్కలుగా రాసుకోవాలి, తరువాతి మనిషి రాగానే లేచి లోపలి గదిలోకి వెళ్ళి దాన్ని టైపు చేయాలి. ఒక మాట కలపకూడదు, ఒక మాట తీయకూడదు. ఎదుట పిడికిళ్ళు లేచినా, చించి విసిరిన కాగితాలు వచ్చి జడ మీద పడినా, ఆమె రాయవలసింది "అంతరాయం" అన్న ఒక్క ముక్కే. అన్నేళ్ళలో ఆ సభలో ఆమె సొంత గొంతు వినబడింది ఒక్కసారే, తుమ్మినప్పుడు. అది రికార్డులోకి ఎక్కలేదు.

చుట్టాలందరికీ ఆమె రికార్డు పిన్ని. రిటైరైన నెలకే అక్క కొడుకు ఆమెను "మనవాళ్ళు" అనే ఫోను గ్రూపులో చేర్చాడు. అతనికి టైర్ల దుకాణం ఉంది. అభిమానం ప్రతిపక్షం మీద. వాళ్ళ నాన్న, అంటే ఆమె బావగారు, పాలకపక్షం. ఇద్దరూ ఒకే సోఫాకు చెరో కొసన కూర్చుని, నోటితో పలకరింపు కూడా లేకుండా, గ్రూపులో కత్తులు దూసుకునేవారు. మధ్యలో రిమోటు ఉండేది. దాన్ని కూడా అక్కే వచ్చి అందించాలి.

ఒకరోజు పొద్దున్నే అక్క కొడుకు ఒక బొమ్మ పెట్టాడు. పెద్ద మంత్రి ఫొటో, కింద ఎర్రక్షరాలతో ఆయన సభలో అన్న మాట: "నీళ్ళు లేకపోతే ఊళ్ళు ఖాళీ చేసి పోవాలి." ఆ పది నిమిషాలు బల్ల దగ్గర ఉన్నది తనే. ఆ మంత్రి అంటే ఆమెకు వల్లమాలిన చిరాకు. వాక్యం మొదలుపెట్టి, ఊరంతా తిప్పి, క్రియాపదం రాకముందే కూర్చునే మనిషి. అయినా గ్రంథాలయానికి వెళ్ళి, అచ్చయిన సభావివరాల సంపుటం తెరిచి, తేదీతో, పేజీ నంబరుతో మొత్తం వాక్యం ఎక్కించింది: "నీళ్ళు లేకపోతే ఊళ్ళు ఖాళీ చేసి పోవాలి అని నేను అన్నట్టు ప్రచారం చేస్తున్నారు, అది అబద్ధం."

"పిన్నీ, ఆయనేమన్నా పదవి ఇస్తానన్నాడా?" అని అడిగాడు అక్క కొడుకు.

బావగారు మాత్రం మురిసిపోయారు. వరసగా తొమ్మిది దణ్ణాల బొమ్మలు పెట్టి, "మా మరదలి మాటంటే రాతి మీద గీత" అని రాశారు.

ఆ గీత పది రోజులు నిలిచింది. పదకొండో రోజున బావగారు ప్రతిపక్ష నాయకురాలి ఫొటో పెట్టారు. కళ్ళు మూసుకుని ఉంది. నీళ్ళ గురించి చర్చ జరుగుతుంటే నిద్రపోతోందట. రికార్డు పిన్ని మళ్ళీ రాసింది: "అది చనిపోయిన సభ్యుడికి సంతాపంగా మౌనం పాటించిన రోజు. ఆవిడ నిలబడి ఉంది. మెడ కిందుగా కత్తిరించారు కాబట్టి తెలియడం లేదు."

"నువ్వు మారిపోయావమ్మా," అని రాశారు బావగారు.

ఆ సాయంత్రం అక్క ఫోను చేసింది.

"నీ పుణ్యమా అని నాన్నా కొడుకూ ఆరు నెలల తరవాత మాట్లాడుకుంటున్నారే."

"పోనీలే, మంచిదేగా. ఏం మాట్లాడుకుంటున్నారు?"

"నిన్నే తిట్టుకుంటున్నారు. ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారనుకో. నాకు ప్రాణం హాయిగా ఉంది."

ఇంత జరిగాక, నిజం చెప్పాలంటే, ఆమెకు కాస్త తలకెక్కింది. బస్సు చార్జీల బిల్లు ఓటింగే లేకుండా గట్టెక్కించేశారని ఎవరో పెడితే, సంపుటం తెరవకుండానే, "ఓట్లు లెక్కించారు. నేనక్కడే ఉన్నాను" అని రాసేసింది. రాశాక ఏదో అనుమానంగా అనిపించింది. మర్నాడు గ్రంథాలయానికి వెళ్ళి చూసుకుంటే ఉన్నది మూజువాణి ఓటు, నోటితో అవును, కాదు అనిపించేది. లెక్కింపు అడిగారు, అడిగినవాళ్ళే వద్దనుకున్నారు. కింద టైపు చేసినవారి పొడి అక్షరాలు తనవే. ఇంటికి రాగానే, చెప్పులు కూడా విప్పకుండా, "నిన్న నేను రాసింది తప్పు. ఓట్లు లెక్కించలేదు" అని పెట్టింది.

ఆమె రాసినవాటిలో జనం ఊరూరా పంచుకున్నది ఇదొక్కటే. నాలుగు రోజులకు మందుల దుకాణానికి వెళితే, దుకాణదారు మాత్రలు కత్తిరిస్తూ ఫోను ఇటు తిప్పాడు.

"చూశారా అమ్మా? సభలో రాసిందంతా తప్పేనని ఎవరో ఆవిడ ఒప్పేసుకుందట."

"ఆవిడ అలా అనలేదండీ."

"మీకెలా తెలుసు?"

"ఆవిణ్ణి నేనే."

అతను ఫోనులోని ఫొటో వంక, ఆమె వంక మార్చి మార్చి చూశాడు. ఫొటోలో ఎవరో కళ్ళద్దాల పెద్దావిడ.

"ఈవిడ మీలా లేదే," అన్నాడు అనుమానంగా, "రోజూ ఎంతమంది చెబుతారమ్మా ఇలా."

ఆ తరువాత గ్రూపులో ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు. కానీ విడిగా అడగడం మొదలుపెట్టారు. ముందు అక్క కొడుకే.

"పిన్నీ, ఇది నిజమా?"

గంటసేపు వెతికి, "కాదురా" అని రాసింది.

"థాంక్స్ పిన్నీ. అయితే మీరు గ్రూపు తెరిచేలోగా పెట్టేస్తా."

అన్నంత పనీ చేశాడు. ఆమె సభ్యత మరిచి ఒక మాట టైపు చేసి, చెరిపేసి, మామూలుగా తేదీ, పేజీ నంబరు పెట్టింది.

బావగారు కూడా ఒక మధ్యాహ్నం విడిగా పంపారు, ఆయన పార్టీని ఆకాశానికెత్తే లెక్క ఒకటి. అదీ తప్పేనని చెప్పింది. సాయంత్రం దాకా గ్రూపు తెరిచి పెట్టుకుని కాచుకుంది. ఆ లెక్క గ్రూపులోకి రాలేదు. మరో రెండు రోజులకు వేరే ఎవరో అదే పెడితే, కింద బావగారు రాశారు: "ఇది అబద్ధం. నేను స్వయంగా గ్రంథాలయానికి వెళ్ళి పరిశీలించాను."

బావగారు ఏ గ్రంథాలయం మెట్లూ ఎక్కిన మనిషి కాదు. ఆమె వేళ్ళు ఫోను మీదికి వెళ్ళాయి, కాసేపు ఆగాయి. ఆ ఒక్కదాన్నీ దిద్దకుండా వదిలేసి, లేచి కూర తరుక్కోవడానికి వెళ్ళింది.